మతిమరుపు ముదిరి డిమెన్షియా అవుతుందా? మెషీన్ లెర్నింగ్ చెప్పే అంకె వెనక ఉన్న లెక్క

2024 జులైలో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఒక పరిశోధన ఫలితాన్ని ప్రకటించింది. జ్ఞాపకశక్తి కాస్త తగ్గినవాళ్లలో ఎవరికి మూడేళ్ల లోపు అల్జీమర్స్ వస్తుందో, ఎవరు నిలకడగా ఉండిపోతారో ఒక కంప్యూటర్ మోడల్ ముందే చెప్పగలిగిందని దాని సారం. నిజంగా ముదిరినవాళ్లలో 82 శాతం మందిని, ముదరనివాళ్లలో 81 శాతం మందిని అది సరిగ్గా గుర్తుపట్టింది. దానికి ఇచ్చినవి జ్ఞాపకశక్తి పరీక్షల మార్కులు, ఒక ఎమ్మారై స్కాన్, అంతే.

ఇలాంటి వార్త ఫ్యామిలీ గ్రూపులోకి చేరేసరికి "ఏఐ మూడేళ్ల ముందే అల్జీమర్స్‌ని 82 శాతం కచ్చితంగా చెప్పేస్తుంది" అని మారిపోతుంది. ఇంట్లో అమ్మ "సిలిండర్ బుక్ చేశావా" అని పొద్దుట్నించి మూడోసారి అడిగి ఉంటే, ఆ మెసేజ్ చదివినవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. ఒకసారి తీసుకెళ్లి చూపించేస్తే పోలా? ఆ మెషీన్ వస్తుందంటే ఇక వచ్చేసినట్టేనా?

అలా అనుకోవడానికి లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఆ 82ని విప్పి చూడాలి. ఎవరిలో 82? ఎవరిని చూసి నేర్చుకుని 82? ఈ వ్యాసమంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే.

మామూలు మతిమరుపుకీ డిమెన్షియాకీ మధ్య మెట్టు

వయసుతో వచ్చే మతిమరుపు మనందరికీ పరిచయమే. పేరు నాలుక చివర ఉంటుంది, రాదు. సాయంత్రం స్నానం చేస్తుంటే ఠక్కున గుర్తొస్తుంది. డిమెన్షియా దీనికి చాలా దూరం. జ్ఞాపకం, మాట, లెక్క, దారి పోల్చుకోవడం ఇలాంటివి దెబ్బతిని, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితిని డిమెన్షియా అంటారు. ఆ స్థితికి తెచ్చే జబ్బులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్.

ఈ రెండిటి మధ్య మెట్టుకి డాక్టర్లు పెట్టిన పేరు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, పొట్టిగా ఎంసీఐ. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రొనాల్డ్ పీటర్సన్ బృందం 1999లో ప్రచురించిన వ్యాసంతో ఈ మాట బాగా స్థిరపడింది. వయసుకి మించిన లోపం పరీక్షలో కనిపిస్తుంది, కానీ మనిషి తన పనులు తాను చేసుకుంటూనే ఉంటారు. ఎంసీఐకీ డిమెన్షియాకీ మధ్య గీత పడేది ఇక్కడే, రోజువారీ పని దగ్గర.

ఇద్దరు కల్పిత వ్యక్తులను తీసుకుందాం. సుభద్ర గారికి 68 ఏళ్లు, కాకినాడలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. చెప్పిందే చెబుతున్నారని కూతురి ఫిర్యాదు. అయినా పెన్షన్ కోసం ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ తనే వెళ్లి ఇచ్చి వస్తారు, కరెంటు బిల్లు ఫోన్లో కట్టేస్తారు. పోలమ్మ గారిది కూడా అదే వయసు, శ్రీకాకుళం దగ్గర పల్లె. బడి ముఖం చూడలేదు, నలభై ఏళ్లు కూరగాయలు అమ్మారు. ఈమధ్య మనుషుల పేర్లు తడబడుతున్నాయి. అయినా కిలో అరవై చొప్పున ముప్పావు కిలో వంకాయలు ఎంతంటే అడిగినవాళ్లు నోరు మూసేలోపు నలభై అయిదు అంటారు. ఇద్దరూ ప్రస్తుతానికి ఎంసీఐ మెట్టు మీద ఉన్నారనుకుందాం. రేపు పోలమ్మ గారు చిల్లర తప్పివ్వడం, సంత నుంచి ఇంటికి వచ్చే దారి మరవడం మొదలైతే గీత దాటినట్టు.

ఆ గీత గీయడం చెప్పినంత తేలిక కాదు. పదేళ్లుగా కోడలు పొయ్యి దగ్గరికి రానివ్వని అత్తగారిని "వంట చేసుకోగలుగుతున్నారా" అని అడిగితే ఏం తేలుతుంది? డబ్బు వ్యవహారం కొడుకు చేతిలో, మందులు మనవరాలి చేతిలో ఉన్న ఇంట్లో పెద్దావిడకి పోగొట్టుకోవడానికి పనే మిగలదు. మన ఇళ్లలో చాలాసార్లు ప్రేమే జబ్బుని కప్పిపెడుతుంది.

ఎంసీఐని బస్టాండులా ఊహించుకోవచ్చు. అక్కణ్ణుంచి బస్సులు వేర్వేరు దిక్కులకి వెళ్తాయి. జ్ఞాపకశక్తి సమస్యతో పెద్దాసుపత్రుల్లోని ప్రత్యేక క్లినిక్‌లకి వచ్చినవాళ్లలో ఏడాదికి 10 నుంచి 15 శాతం మందికి డిమెన్షియా మొదలవుతుందని తొలి అధ్యయనాలు లెక్కగట్టాయి. ఊళ్లో జనాన్ని వెతికి పరీక్షిస్తే ఈ వేగం తక్కువ. 2009లో 41 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ, పదేళ్లు గడిచినా ఎంసీఐ ఉన్నవాళ్లలో ఎక్కువమంది డిమెన్షియాకి చేరలేదని చెప్పింది. కొందరు వెనక్కి, అంటే మామూలు స్థితికి వచ్చేస్తారు. జనాభా సర్వేల్లో అలాంటివాళ్లు దాదాపు నాలుగో వంతు. ఎందుకంటే మొదట కనిపించిన లోపానికి కారణం బీ12 విటమిన్ తక్కువవడం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, భర్త పోయాక పట్టుకున్న డిప్రెషన్ కావచ్చు, ఏళ్ల తరబడి వేసుకుంటున్న నిద్రమాత్ర కావచ్చు. వీటికి వైద్యం ఉంది.

మెషీన్‌ని అడుగుతున్న ప్రశ్న ఇదీ: ఈ బస్టాండులో కూర్చున్న మనిషి ఏ బస్సు ఎక్కబోతున్నారు? ఇప్పుడు జబ్బు ఉందా లేదా అని తేల్చడం ఒక పని, ఇకముందు వస్తుందా అని చెప్పడం ఇంకో పని. వార్తల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతుంటాయి. రెండోది చాలా కష్టం.

మెషీన్ ఎవరిని చూసి నేర్చుకుంది

మెషీన్ లెర్నింగ్‌లో నియమాలు మనిషి రాసివ్వడు. ఫలితం తెలిసిన పాత కేసులు బోలెడన్ని చూపిస్తారు. ఫలానా ఆవిడ వయసు ఇంత, చదువు ఇన్నేళ్లు, పరీక్షలో మార్కులు ఇన్ని, మెదడులో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ పరిమాణం ఇంత, మూడేళ్ల తర్వాత డిమెన్షియా వచ్చింది. ఫలానా ఆయనకి రాలేదు. ఇలా వందల మందిని చూశాక దేనికెంత బరువివ్వాలో ప్రోగ్రామ్ తనే సర్దుకుంటుంది. తర్వాత కొత్త మనిషి వివరాలు ఇస్తే సున్నాకీ ఒకటికీ మధ్య ఒక స్కోరు చెబుతుంది. సున్నా దగ్గరుంటే ముదిరే అవకాశం తక్కువ, ఒకటి దగ్గరుంటే ఎక్కువ. పద్ధతుల పేర్లు అనేకం: లాజిస్టిక్ రిగ్రెషన్, రాండమ్ ఫారెస్ట్, గ్రేడియంట్ బూస్టింగ్, డీప్ లెర్నింగ్. వీటిలో మొదటిది మెషీన్ లెర్నింగ్ అనే మాట ఫ్యాషన్ కాకముందు నుంచీ గణాంక శాస్త్రవేత్తల దగ్గరున్నదే. వైద్యంలో జోస్యం చెప్పే మోడళ్ల మీద వచ్చిన 71 అధ్యయనాలను 2019లో సమీక్షిస్తే, కొత్త పద్ధతులు ఆ పాతదానికన్నా మెరుగ్గా చేసిన దాఖలా కనబడలేదు. పద్ధతి పేరు చూసి మురిసిపోనక్కర్లేదని చెప్పడానికే ఈ ముచ్చట.

పద్ధతికన్నా ముఖ్యం, అది చూసిన మనుషులు. ఈ రంగంలో దాదాపు అందరూ ఆధారపడే డేటా ఒకటుంది. దాని పేరు అల్జీమర్స్ డిసీజ్ న్యూరోఇమేజింగ్ ఇనిషియేటివ్, వాడుకలో ఆడ్ని. మైకేల్ వీనర్ నాయకత్వంలో 2004లో అమెరికా, కెనడాల్లో మొదలైంది. తొలి దశలో 55 నుంచి 90 ఏళ్ల మధ్యవాళ్లను సుమారు 800 మందిని తీసుకున్నారు. అందులో సగం ఎంసీఐ ఉన్నవాళ్లు, మిగతా సగంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ అల్జీమర్స్ మొదలైనవాళ్లూ సమానం. మళ్లీ మళ్లీ పిలిచి స్కాన్లు, పరీక్షలు, రక్తం, కొందరికి వెన్నుపాము ద్రవం కూడా తీసి, ఆ సమాచారాన్ని అడిగిన పరిశోధకులందరికీ ఉచితంగా ఇచ్చారు. ఆ ఔదార్యం వల్లే ఈ రంగం ఇంత పెరిగింది.

దానికి ఇంకో వైపు ఉంది. వందలాది మోడళ్లు అదే మనుషుల మీద నేర్చుకుని, అదే మనుషుల మీద పరీక్ష రాశాయి. తొలి దశలో చేరినవాళ్లలో తొంభై శాతానికి పైగా తెల్లజాతివాళ్లు, సగటు చదువు దాదాపు 16 ఏళ్లు, అంటే డిగ్రీ. పరిశోధనలో చేరడానికి సొంతంగా ముందుకొచ్చినవాళ్లు. పక్షవాతం లాంటి ఇతర జబ్బులున్నవాళ్లను చాలావరకు మొదట్లోనే పక్కన పెట్టారు. ఆడ్ని నిర్వాహకులకే ఈ లోటు తెలుసు, అందుకే ఇటీవలి దశలో ఇతర జాతులవాళ్లను, తక్కువ చదువుకున్నవాళ్లను ఎక్కువగా చేర్చుకుంటున్నారు. కేంబ్రిడ్జ్ బృందం తన మోడల్‌ని నేర్పింది అమెరికా పరిశోధనలో పాల్గొన్న నాలుగు వందల మందికి పైగా వ్యక్తుల డేటా మీద. తర్వాత అక్కడివాళ్లే మరో 600 మంది మీద, బ్రిటన్, సింగపూర్ మెమరీ క్లినిక్‌లకి వచ్చిన 900 మంది మీద సరిచూశారు. అసలు మెచ్చుకోవాల్సింది ఈ రెండో భాగాన్ని. మామూలు ఆసుపత్రికి వచ్చే మనుషుల మీద సరిచూసిన మోడళ్లు తక్కువ.

82, 81: అదే మెషీన్, రెండు చోట్ల రెండు అర్థాలు

జబ్బు ముదిరినవాళ్లలో ఎంతమందిని ముందే పట్టుకుందో చెప్పే అంకెని సెన్సిటివిటీ అంటారు. ఇక్కడ 82 శాతం. ముదరనివాళ్లలో ఎంతమందిని సరిగ్గా వదిలేసిందో చెప్పేది స్పెసిఫిసిటీ, ఇక్కడ 81 శాతం. ఈ రెండూ ఫలితం తెలిసిపోయాక వెనక్కి తిరిగి చూసే లెక్కలు. ఇంట్లోవాళ్లకి కావలసింది దీనికి తలకిందులు: మెషీన్ ముదురుతుందని చెప్పింది, నిజంగా ముదిరే అవకాశమెంత? దీనికి ఇంకో అంకె కావాలి. అక్కడికి వచ్చేవాళ్లలో అసలు ఎంతమందికి ముదురుతుందన్నది.

ఒక పెద్ద నగరంలో మెమరీ క్లినిక్ తీసుకుందాం. అక్కడికి వచ్చిన ఎంసీఐ పేషెంట్లు 1000 మంది. మూడేళ్లలో 350 మందికి ముదురుతుందనుకుందాం. ఆ 350లో 82 శాతం, అంటే 287 మందిని మెషీన్ పట్టుకుంటుంది. ముదరని 650 మందిలో 19 శాతం మందికి, అంటే సుమారు 124 మందికి అనవసరంగా గంట కొడుతుంది. మొత్తం గంట మోగింది 411 మందికి. అందులో నిజం 287. నూటికి 70.

అదే మెషీన్‌ని ఒక మండలంలో హెల్త్ క్యాంపుకి తీసుకెళ్దాం. ఇంటింటికీ తిరిగి ఎంసీఐ ఉన్నవాళ్లను 1000 మందిని పోగేశాం. ఇక్కడ మూడేళ్లలో ముదిరేది 150 మందికే అనుకుందాం. వాళ్లలో 123 మందిని మెషీన్ పట్టుకుంటుంది. ముదరని 850 మందిలో సుమారు 162 మందికి తప్పుడు గంట. మొత్తం 285లో నిజం 123. నూటికి 43. అంటే మెషీన్ భయపెట్టినవాళ్లలో సగానికి పైగా మూడేళ్ల తర్వాత కూడా తమ పనులు తామే చేసుకుంటూ ఉంటారు.

ఇంకో వైపు చూస్తే క్యాంపులోనే మెషీన్ ఎక్కువ పనికొస్తుంది. అక్కడ అది ఫరవాలేదన్న 715 మందిలో 688 మందికి నిజంగానే ఫరవాలేదు, నూటికి 96. క్లినిక్‌లో అదే మాట నూటికి 89 సార్లు నిజమవుతుంది. మెషీన్ మారలేదు, స్కాన్ మారలేదు, చుట్టూ ఉన్న జనం మారారు. (నిజానికి జనం మారితే 82, 81 కూడా కదులుతాయి. లెక్క తేలిగ్గా ఉండాలని వాటిని కదపలేదు.)

ఇప్పటిదాకా మెషీన్ అవును కాదు అని జవాబిస్తుందనుకున్నాం. లోపల అది ఇచ్చేది స్కోరే. ఏ స్కోరు దాటితే గంట కొట్టాలో మనుషులు నిర్ణయిస్తారు. ఆ హద్దు కిందికి దించితే ఎక్కువమంది దొరుకుతారు, తప్పుడు గంటలూ పెరుగుతాయి. పైకి జరిపితే ఉల్టా. ఇది లెక్కల సమస్య మాత్రమే కాదు. తప్పుగా భయపెట్టడం ఎక్కువ నష్టమా, పట్టుకోకుండా వదిలేయడం ఎక్కువ నష్టమా అన్నది డాక్టరూ కుటుంబమూ తేల్చుకోవలసింది. కేంబ్రిడ్జ్ బృందం ఒక మధ్యేమార్గం చూపించింది. తమ మోడల్‌తో క్లినిక్ పేషెంట్లను మూడు గుంపులు చేసింది: నిలకడగా ఉండేవాళ్లు సుమారు 50 శాతం, నెమ్మదిగా ముదిరేవాళ్లు 35 శాతం, వేగంగా ముదిరేవాళ్లు 15 శాతం. మొదటి గుంపువాళ్లకి భయం తగ్గించి మతిమరుపుకి వేరే కారణం వెతకొచ్చు, చివరి గుంపుని దగ్గరగా గమనించొచ్చు అన్నది వాళ్ల ఆలోచన.

ముదరలేదని రాసేదెప్పుడు?

ఇది చిన్న చిక్కులా కనిపిస్తుంది, కానీ పునాదిలో ఉంది. పాత కేసుల్లో ముదరలేదని చీటీ అంటించినవాళ్లలో రకరకాల మనుషులుంటారు. నాలుగో ఏడు ముదిరినవాళ్లు, రెండో ఏట కొడుకు దగ్గరికి వేరే ఊరెళ్లిపోయి పరీక్షకి రానివాళ్లు, గుండెపోటుతో పోయినవాళ్లు. మూడేళ్ల గడువు పెట్టుకున్న మోడల్‌కి వీళ్లలో కొందరు ఆరోగ్యవంతుల కిందే లెక్క. అందుకని కొందరు పరిశోధకులు వస్తుందా రాదా అని కాకుండా ఎప్పుడు అని అడిగే సర్వైవల్ విశ్లేషణ వాడతారు. మధ్యలో తప్పుకున్నవాళ్లను అది తప్పుకున్న తేదీ వరకు మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ జవాబు వార్తలో ఒక్క అంకెగా ఇమడదు. బహుశా అందుకే వార్తల్లో కనబడదు.

పేపర్ లీకైన పరీక్షలు

కొన్ని వ్యాసాల్లో 95, 98 శాతం లాంటి అంకెలు కనిపిస్తాయి. వాటిని చూడగానే అడగాల్సింది, పరీక్ష పేపర్ ముందే లీకైందా అని.

ఎమ్మారై స్కాన్ అంటే ఒక్క ఫొటో కాదు. బ్రెడ్డు ముక్కలు కోసినట్టు వందకి పైగా ముక్కల బొమ్మలు. ఒక పరిశోధకుడు అందరి ముక్కలూ ఒక కుప్ప పోసి, కలిపి, అందులో కొన్ని నేర్చుకోవడానికి, కొన్ని పరీక్షకి ఇచ్చాడనుకోండి. సుభద్ర గారి మెదడు నలభయ్యో ముక్క పాఠంలో ఉంది, నలభై ఒకటో ముక్క పరీక్షలో ఉంది. రెండూ దాదాపు ఒకలాగే ఉంటాయి. మెషీన్ జబ్బుని గుర్తుపట్టక్కర్లేదు, సుభద్ర గారిని గుర్తుపడితే చాలు. దీన్ని డేటా లీకేజ్ అంటారు. స్కాన్ చూసి అల్జీమర్స్ గుర్తించే డీప్ లెర్నింగ్ వ్యాసాలను 2020లో ఒక ఫ్రెంచ్ బృందం ఏరి చూస్తే, సగానికి పైగా వ్యాసాల్లో ఇలాంటి లీకేజ్‌కి ఆస్కారం కనిపించింది. ఎంసీఐ ముదరడాన్ని ఊహించే 111 వ్యాసాలను మరో సమీక్ష 2021లో పరిశీలించింది. వాటిలో దాదాపు నాలుగో వంతు వ్యాసాల్లో విడిగా పరీక్ష డేటానే లేకపోవడమో, ఉన్నా దాన్ని మోడల్ తయారీలోనే వాడేసుకోవడమో జరిగిందని తేల్చింది. ఇందులో మోసం చేయాలన్న ఉద్దేశం ఉండనక్కర్లేదు, తొందర చాలు.

దీనికి మందు, జవాబు ఎవరికీ తెలియని పరీక్ష పెట్టడమే. 2017లో టాడ్‌పోల్ అనే పోటీ అదే చేసింది. ఆడ్నిలో కొనసాగుతున్న వ్యక్తులకి రాబోయే ఏళ్లలో ఏమవుతుందో చెప్పమని అడిగారు. జవాబులు అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేవు, ఎందుకంటే అవి ఇంకా జరగలేదు. 33 బృందాలు 92 పద్ధతులతో జోస్యాలు పంపాయి. ఆ వ్యక్తులు మళ్లీ పరీక్షలకి వచ్చాక 219 మంది ఫలితాలతో పోల్చి చూశారు. ఎవరికి ఏ నిర్ధారణ అవుతుందో, మెదడులో నీటి గదులు ఎంత పెరుగుతాయో మంచి మోడళ్లు బాగానే చెప్పగలిగాయి. జ్ఞాపకశక్తి పరీక్షలో ఎన్ని మార్కులు వస్తాయన్న చోట మాత్రం గుడ్డిగా ఊహించినదానికన్నా మెరుగ్గా ఎవరూ చెప్పలేకపోయారు. మొత్తం మీద గెలిచింది డీప్ లెర్నింగ్ కాదు, గ్రేడియంట్ బూస్టింగ్. ఒక్క రోజు కొలతలే చూడకుండా, మనిషిలో మార్పు ఏ వాలులో పోతోందో లెక్కలోకి తీసుకోవడం కొన్ని చోట్ల కలిసొచ్చింది.

స్కాన్‌కన్నా కాగితం పరీక్ష?

ఆ 2021 సమీక్షలో నన్ను ఎక్కువ ఆపిన విషయం వేరే ఉంది. మోడల్‌కి జ్ఞాపకశక్తి పరీక్ష మార్కులు ఇస్తే జోస్యం మెరుగైంది. మెదడు చక్కెరను ఎలా వాడుకుంటోందో చూపే పెట్ స్కాన్ ఇచ్చినా మెరుగైంది. మామూలు ఎమ్మారై కలిపితే మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాగితం, పెన్సిలు, అరగంట ఓపిక ఉన్న సైకాలజిస్టు ఒక పక్క, కోట్ల రూపాయల యంత్రం ఇంకో పక్క. తూకం కాగితం వైపు మొగ్గింది.

దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. చిన్న ఊళ్లకి ఇది శుభవార్త, స్కాన్ లేకపోయినా పని నడుస్తుందనేవాళ్లు ఉన్నారు. ఇందులో ఒక గుండ్రపు తిరుగుడు ఉందనేవాళ్లూ ఉన్నారు. డిమెన్షియా అని తేల్చేటప్పుడు డాక్టర్ చూసేవాటిలో ఆ మార్కులు కూడా ఉంటాయి. అవే మార్కులు ముందే మోడల్‌కి ఇస్తే, గీతకి దగ్గర్లో ఉన్నవాళ్లు గీత దాటతారని చెప్పడం గొప్ప జోస్యమేమీ కాదు. ఎమ్మారై ఆ నిర్ధారణలో అంత నేరుగా కలవదు కాబట్టి దాని మార్కు తగ్గినట్టు కనిపించొచ్చు. రెండు వాదాల్లోనూ నిజముంది. నాకైతే రెండోది పరిశోధకులకి పెద్ద సమస్యగా, మొదటిది పేషెంట్లకి పెద్ద ఉపయోగంగా అనిపిస్తుంది. గీతకి ఎంత దగ్గర్లో ఉన్నారో తెలియడం కూడా తెలియడమే కదా.

కానీ కాగితం పరీక్షే బలమైతే, ఆ కాగితం మీద ఏముందో చూడాలి. మన దగ్గర అసలు కథ అక్కడ మొదలవుతుంది.

బడికి వెళ్లని పోలమ్మ గారు మెషీన్‌కి ఎలా కనిపిస్తారు

1975లో వచ్చిన ఎంఎంఎస్ఈ 30 మార్కుల పరీక్ష. అందులో ఒక వాక్యం రాయమంటారు, ఒక బొమ్మ చూసి గీయమంటారు. 2005లో వచ్చిన మోకా పరీక్షలో ఘనచతురస్రం గీయాలి, అంకెల్నీ అక్షరాల్నీ వరసగా గీతతో కలపాలి. పన్నెండేళ్లు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్లకి ఒక మార్కు కలుపుతారు. జీవితంలో పెన్సిలు పట్టని పోలమ్మ గారికి ఆ ఒక్క మార్కు ఏం సరిపోతుంది? ఆవిడ నోటిలెక్క దిట్ట అన్న విషయం ఆ కాగితానికి తెలియదు. ఇంకో పక్క, నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన సుభద్ర గారు మెదడులో చాలా పాడైన తర్వాత కూడా ఈ పరీక్షలో గట్టెక్కేయవచ్చు. ఒకరికి లేని జబ్బు ఉన్నట్టు, ఇంకొకరికి ఉన్న జబ్బు లేనట్టు కనిపించే వీలుంది.

మాట్లాడే తీరుని బట్టి జోస్యం చెప్పే మోడళ్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ. 2024లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎంసీఐ ఉన్న 166 మంది ఇంటర్వ్యూ రికార్డింగులను కంప్యూటర్‌తో అక్షరాల్లోకి మార్చి, ఆరేళ్లలో ఎవరికి ముదురుతుందో 78.5 శాతం కచ్చితత్వంతో చెప్పగలిగారు. ఆ మాటలన్నీ ఇంగ్లిష్‌వి. ఈ రంగంలో బాగా వాడే ఒక బొమ్మ ఉంది. అమ్మ సింకు దగ్గర గిన్నెలు తుడుస్తుంటుంది, నీళ్లు పొంగి నేల మీదికి కారుతుంటాయి, వెనకాల పిల్లాడు స్టూలెక్కి బిస్కెట్లు దొంగిలిస్తుంటాడు. ఏం జరుగుతోందో చెప్పమంటారు. పెరట్లో కుళాయి దగ్గర గిన్నెలు తోముకున్న మనిషికి ఆ వంటిల్లే కొత్త. తడబాటు జబ్బు వల్లా, బొమ్మ వల్లా? పైగా తెలుగులో క్రియ చివర ఎవరు చేశారో కూడా చెప్పేస్తుంది కాబట్టి నేను, ఆమె లాంటి మాటలు వదిలేయడం మామూలే. పొడి పొడి మాటలకూ సర్వనామాలకూ ఇంగ్లిష్‌లో నేర్చుకున్న బరువుల్ని తెలుగు మీద మోపితే జవాబు నమ్మదగ్గదిగా ఉండదు.

ఈ పని మన దగ్గర మొదలు కాలేదని కాదు. భారత వైద్య పరిశోధన మండలి న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్ పేరుతో ఒక పరీక్షల సంపుటిని హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో తయారు చేయించింది. మన సంస్కృతికి తగ్గట్టు మార్చి, మన పేషెంట్ల మీద సరిచూసింది. దేశవ్యాప్తంగా 60 దాటినవాళ్ల మీద జరిగిన లాసీ డాడ్ అధ్యయనం దేశంలో 7.4 శాతం మందికి, సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. అదే కోవ డేటా మీద మెషీన్ లెర్నింగ్ వాడిన మరో పరిశోధన 8.44 శాతం, సుమారు కోటి మంది అంది. పద్ధతి మారితే పన్నెండు లక్షల మంది అటో ఇటో అవుతారు. ఇవి రెండూ ఇప్పుడు ఎంతమందికి ఉందన్న లెక్కలు. ఎవరికి రాబోతోందో చెప్పాలంటే అదే మనుషుల దగ్గరికి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లాలి.

హైదరాబాద్ నిమ్స్ నుంచి 2013లో వచ్చిన ఒక అధ్యయనం ఈ విషయంలో చాలా పనికొస్తుంది. సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్ల రికార్డులు చూసింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు ఒకే భాష మాట్లాడేవాళ్లకన్నా సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి. చదువు రాని వాళ్లలో కూడా ఈ తేడా ఉంది, దాదాపు ఆరేళ్లు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో హిందీయో ఇంగ్లిషో మాట్లాడటం హైదరాబాద్‌లో విశేషమే కాదు, అందుకే ఈ ప్రశ్నకి ఆ ఊరు సరైన చోటు అయింది. రెండు భాషలు జబ్బుని ఆపుతాయా, లక్షణాలను వాయిదా వేస్తాయా అన్న చర్చ నడుస్తూనే ఉంది. వేరే దేశాల్లో కొన్ని అధ్యయనాలకి ఈ తేడా కనిపించలేదు. ఏదైనా, మెషీన్‌కి చదువుకున్న ఏళ్లు మాత్రమే చెప్పి, సంతలో మూడు భాషల్లో బేరమాడే సంగతి చెప్పకపోతే అది దాన్ని ఎప్పటికీ కనిపెట్టలేదు. ఎవరూ రాసిపెట్టని సంగతిని ఏ పద్ధతీ నేర్చుకోలేదు.

ముందే తెలిస్తే చేసేదేముంది

ఇంత కష్టపడి జోస్యం చెప్పడం ఎందుకన్న ప్రశ్నకి పదేళ్ల కిందట జవాబు బలహీనంగా ఉండేది. ఇప్పుడు కొంచెం బలపడింది. మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ని తొలగించే లెకానెమాబ్ మందుకి 2023 జులైలో, డొనానెమాబ్‌కి 2024 జులైలో అమెరికాలో పూర్తిస్థాయి అనుమతి వచ్చింది. ఇవి పనిచేసేది తొలి దశలోనే, కాబట్టి ఎవరికి ముదురుతుందో ముందే తెలియడం ముఖ్యమంటున్నారు. లెకానెమాబ్ పెద్ద పరీక్షలో 1,795 మంది పాల్గొన్నారు. ఏడాదిన్నర తర్వాత మందు తీసుకున్నవాళ్లలో క్షీణత 27 శాతం తక్కువ. వినడానికి పెద్దదే. 18 పాయింట్ల స్కేలు మీద ఆ తేడా 0.45. ఆ తేడా ఇంట్లోవాళ్లకి తెలుస్తుందా అని కొందరు డాక్టర్లు, ఆరు నెలలు ఎక్కువ గుర్తుపట్టినా చాలదా అని కొందరు. మెదడులో వాపు, రక్తస్రావం అనే ప్రమాదం ఉంది, ఖర్చు సరేసరి.

రక్త పరీక్షలు కూడా వచ్చాయి. రక్తంలో పీటావ్217 అనే ప్రోటీన్‌కీ అమిలాయిడ్‌కీ ఉన్న నిష్పత్తి ఆధారంగా పనిచేసే పరీక్షకి 2025 మేలో అమెరికా అనుమతి ఇచ్చింది. 55 దాటి, లక్షణాలు ఉన్నవాళ్లకి మాత్రమే. మెదడులో అమిలాయిడ్ ఉందా అని అది చెబుతుంది. ఎప్పుడు ముదురుతుందో దానంతట అది చెప్పదు. దాని ఫలితాన్ని మోడళ్లలో కలిపితే స్కాన్ అవసరం తగ్గొచ్చన్న ఆశ పరిశోధకుల్లో ఉంది.

తెలుసుకోవడమే మేలనేవాళ్లు ఇంకో మాట కూడా అంటారు. ఆస్తి కాగితాలు, వీలునామా, ఎవరి దగ్గర ఉండాలి అన్నవి ఆ మనిషి తనే చెప్పగలిగినప్పుడే తేల్చుకోవచ్చు. బీపీ, షుగరు, వినికిడి, చూపు సరిచేసుకోవచ్చు. 2024లో లాన్సెట్ కమిషన్ ఇలాంటి 14 కారణాలను లెక్కలోకి తీసుకుని, సిద్ధాంతరీత్యా దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపొచ్చు లేదా వాయిదా వేయొచ్చని చెప్పింది. వద్దనేవాళ్లు అంటారు: బీపీ, వినికిడి చూసుకోవడానికి మెషీన్ జోస్యం ఎందుకు, అవి అందరూ చేసుకోవలసినవే. 43 శాతం నిజమయ్యే మాట ఒకటి పట్టుకుని ఇంట్లో పెద్దావిడ చేతిలోంచి తాళాలు, డబ్బు, చివరికి నోట్లోంచి మాట కూడా లాగేసుకుంటే ఆ నష్టం ఏ పట్టికలోనూ పడదు. మన ఇళ్లలో చాదస్తం అనే ముద్ర ఎంత తేలిగ్గా పడుతుందో చూసినవాళ్లకి ఈ భయం అతిశయోక్తి అనిపించదు.

సుభద్ర గారికి కూతురు పోయినేడాది ఒక న్యూరాలజిస్టు దగ్గర పరీక్ష చేయించింది. ఈ ఏడాది మళ్లీ అదే పరీక్ష, తెలుగులోనే. ఫైల్లో ఇప్పుడు రెండు చుక్కలున్నాయి, వాటిని కలిపితే వాలు ఎటుందో చూడొచ్చు. మోడల్‌కైనా డాక్టర్‌కైనా ఒక్క రోజు మార్కుకన్నా అదే ఎక్కువ చెబుతుంది. పోలమ్మ గారు ఈ రోజు కూడా సంతకి వెళ్లారు. ఆవిడకి మొదటి చుక్క ఇంకా ఎవరూ పెట్టలేదు.